వంతెన మీద బుస

పాత కారు కొనడంలో నన్ను మించినవాడు ఉత్తర చెన్నైలో ఉంటే నాకు చూపించండి. అమ్మేవాడి ఇంటి ముందు, అమ్మేవాడి బండిలోనే, ఆయన నాకు కాఫీ తేవడానికి లోపలికి వెళ్లిన ఆ కాసేపట్లో, జేబులోంచి రూపాయి బిళ్ల తీసి ఒకే ఒక్క మరను వదులు చేసి, సరైన ధరలో యాభై వేలు తగ్గించుకున్నవాణ్ణి నేను. గొంతు చించుకోలేదు. చేతికి మసి కూడా అంటలేదు. ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి, అన్నం పెట్టమని అడగడానికి ముందే మా ఆవిడకు ఈ సంగతి చెప్పాను. ఆమె మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. "ఆ బిళ్ల కడిగి పెట్టు, పాలాయనకు చిల్లర ఇయ్యాల" అంది.

మాది అంగళ్ల కుటుంబం. తిరువొత్తియూరులో మా నాన్నకు మళిగ అంగడి ఉండేది: పప్పులు, బెల్లం, చింతపండు, నూనెలు. పెరంబూరులో నాది హార్డ్‌వేర్ అంగడి: కొళాయిలు, మేకులు, పైపులు, వాటి మీద బిగించే క్లిప్పులు. మా ఇంట్లో పిల్లలకు మాటలకంటే ముందు బేరం వస్తుంది. నాన్న దగ్గర ఒక విద్య ఉండేది. టోకు వ్యాపారి కందిపప్పు బస్తా దించగానే, నాన్న కుడి పిడికిట్లో నాలుగు పుచ్చు పప్పులు దాచుకుని బస్తాలోకి చెయ్యి దూర్చేవాడు. లోపల ఒకసారి కలియబెట్టి, చెయ్యి బయటికి తీసి, అరచెయ్యి తెరిచి, ఏమీ అనకుండా వ్యాపారి ముఖంలోకి చూసేవాడు. వ్యాపారి గొణిగేవాడు, రేటు దిగేది. మా ఇంట్లో దీన్ని ఎవరూ మోసం అనేవాళ్లు కాదు. "పుచ్చు చూపించడం" అనేవాళ్లు. గల్లాపెట్టె పక్కన కూర్చుని నేను ఈ విద్యను చూసి చూసి నేర్చుకున్నాను. సగమే నేర్చుకున్నానన్న సంగతి ఈ కారు కొన్నాక గానీ తెలియలేదు.

కారు అమ్మినాయన మా అంగడి వెనక వీధిలో ఉంటాడు. రైలు పెట్టెల కార్ఖానాలో పనిచేసి రిటైరయ్యాడు. మాలాగే ఎప్పుడో తాతల కాలంలో ఇక్కడికొచ్చి పాతుకుపోయిన తెలుగువాళ్లు. కొళాయి కారినా, గొళ్లెం ఊడినా నా అంగడికే వస్తాడు. నేను అన్నా అంటాను, ఆయన తమ్ముడూ అంటాడు, ఆయన కూతురు నన్ను చిన్నాయనా అని పిలుస్తుంది. వాళ్లకొక చిన్న టర్బో కారు ఉండేది. వీధిలో నిలపడానికి చోటు లేక, మోకాళ్లు పట్టేసి తాను నడపలేక, అమ్మేద్దామనుకున్నాడు. కూతురికి కూడా ఇక దానితో పని లేదు. మాధవరంలో ఒక డ్రైవింగ్ స్కూల్లో ఆడవాళ్లకు కారు నేర్పించే ఉద్యోగం ఆమెకు ఖాయమైంది. బండి వాళ్లే ఇస్తారు. ఆమె కారు నేర్చుకున్నది ఈ కారులోనే. తండ్రికి ఆ ఉద్యోగం అంత ఇష్టం లేదు, కానీ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నానని నా అంగడిలో నిలబడి ఒకటికి రెండుసార్లు చెప్పాడు, తన మనసుకే నచ్చజెప్పుకుంటున్నట్టు.

టర్బో అంటే ఏమిటో నాకు కొంత తెలుసు. ఇంజన్ వదిలే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం గాలిని ఒత్తి మళ్లీ ఇంజన్లోకి పంపుతుంది. ఆ ఒత్తిడినే బూస్ట్ అంటారు; చిన్న ఇంజన్‌కు పెద్ద బలం వచ్చేది దానివల్లే. ఆ గాలి రబ్బరు గొట్టాల్లోంచి పోతుంది. గొట్టం మీద క్లిప్పు వదులైతే గాలి బుసకొడుతూ బయటికి పోతుంది, బండికి పట్టు పోతుంది. ఇది నేను చదివి తెలుసుకున్నది కాదు. అలాంటి క్లిప్పులు మా అంగడిలో తీగకు గుచ్చి వేలాడదీసి నేనే అమ్ముతాను. కొన్నవాళ్లు ఎందుకు కొంటున్నారో చెబుతారు కదా.

ఆయన నాలుగు లక్షల ఇరవై అడిగాడు. నాలుగు లక్షలు సరైన ధర అని నాకు తెలుసు. సరైన ధరకు కొనేవాణ్ణయితే మా ఇంట్లో ఎందుకు పుడతాను? బానెట్ తీయించి, ఇంజన్ మీదికి వంగి, గొప్పగా తల పంకించాను. "కాఫీ తెస్తానుండు తమ్ముడూ" అని ఆయన లోపలికి వెళ్లాడు. బిళ్ల గొట్టం క్లిప్పు మర గాడిలో సరిగ్గా కూర్చుంది.

కాఫీ తాగాక బండి నడిపి చూద్దామన్నాను. కూతురు స్టీరింగ్ దగ్గర కూర్చుంది. నేను పక్కన, తండ్రి వెనక.

"బెల్టు పెట్టుకోండి చిన్నాయనా" అంది. నేను పెట్టుకునేదాకా బండి కదిలించలేదు. అద్దాలు చూసుకుని, పక్కనున్న స్కూటరు వాడికి దారిచ్చి, మెల్లగా రోడ్డెక్కింది. చదునుగా ఉన్నంతసేపూ ఏమీ లేదు. పెరంబూరు వంతెన ఎక్కడం మొదలుపెట్టగానే బానెట్ కిందినుంచి సుయ్‌మని పెద్ద బుస. బండి ఆయాసపడింది. ఆమె గేరు తగ్గించింది. బుస పెరిగింది గానీ వేగం పెరగలేదు.

"ఏం శబ్దం పాపా అది?" అన్నాను. అడిగింది నేనే.

"తెలియడంలే చిన్నాయనా. నిన్నటిదాకా లేదే."

తండ్రి వెనక సీట్లోంచి ముందుకు వంగాడు. "ఇంకొంచెం తొక్కు."

"తొక్కే ఉండాను నాయనా. ఎక్కడంలే."

మా వెనక బస్సు హారన్ మీద చెయ్యి తీయలేదు. ఒక ఆటో మమ్మల్ని దాటుకుంటూ పోయింది. అందులో కూర్చున్న ముసలమ్మ మా వైపు జాలిగా చూసింది. నేను పెదవి విరిచాను. "అన్నా, టర్బో పోయినట్టుందే" అన్నాను. అంతే, ఇంకొక్క మాట అనలేదు. నాన్న కూడా అరచెయ్యి తెరిచి ఊరుకునేవాడు.

ఇంటికి తిరిగొచ్చాక పెద్ద యుద్ధమే ఉంటుందనుకున్నాను. రబ్బరు వాషరు దగ్గర కూడా నాతో పావుగంట బేరమాడే మనిషి ఆయన. కానీ ఆ రోజు ముఖం పాలిపోయి ఉంది.

"బాగు చేయించేదానికి ఎంతవుతాది తమ్ముడూ?"

"కొత్తది వెయ్యాలంటే డెబ్బై, ఎనభై వేలన్నా. మూడున్నరకైతే తీసుకుంటా."

"సరి" అన్నాడు.

ఒక్క మాటకే సరి అన్నాడు. నాకు అనుమానం రావాల్సింది. రాలేదు, పొంగిపోయాను. ఆయన మనసు మారకముందే గట్టిచేసుకుందామని ఒక పెద్ద మాట కూడా ఇచ్చాను: "ఉండేది ఉన్నట్టు తీసుకుంటానన్నా. రేపొచ్చి అది బాగలేదు, ఇది బాగలేదని అడగను."

అప్పుడాయన కూతురి వైపు తిరిగాడు. ఆమె ఇంకా స్టీరింగ్ పట్టుకునే కూర్చుని ఉంది.

"తొక్కీ తొక్కీ బండిని తినేసినావు. ఇంట్లో ఉండే బండినే కాపాడుకోలేనిదానివి, ఊళ్లో ఆడోళ్లకు నేర్పిస్తావా? ఆ స్కూలోళ్లకు రానని చెప్పేయ్."

"నేనేం చేసినాను నాయనా?"

"ఏం చేసినావో బండిని అడుగు."

ఆ మాటను ఆపగలిగినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. నాకు ఫోన్లో పని పడింది. తలొంచుకుని ఆయన ఖాతాకు అడ్వాన్సు పంపుతున్నాను. తండ్రులు కోపంలో ఏవేవో అంటారు, పొద్దుగూకేసరికి మరిచిపోతారు అనుకున్నాను. డబ్బు చేరినట్టు టింగుమని ఆయన ఫోన్ మోగింది. ఆమె బండి దిగి, తాళం నా చేతికివ్వకుండా సీటు మీదే పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

కాగితాలు చేతులు మారాక, కారు తీసుకుని మాధవరం దారిలో ఒక టీ అంగడి పక్కన ఆపాను. బానెట్ ఎత్తి క్లిప్పు బిగించాను, బిళ్లతోనే. బిగించి, చేతులు దులుపుకుని, టీ తాగాను. ఆ టీ రుచి ఇప్పటికీ గుర్తుంది, అంత ఆనందంగా తాగాను. తర్వాత వెనక్కి తిరిగి, వంతెన మీదికే పోనిచ్చాను, నా తెలివిని ఒకసారి కళ్లారా చూసుకుందామని.

బుస లేదు. పట్టు కూడా లేదు.

మొదట నమ్మలేదు. కిందికి దిగి, చుట్టూ తిరిగి, మళ్లీ ఎక్కించాను. పాదం నేలకు ఆనేదాకా తొక్కాను. బండి నింపాదిగా, నిండు గర్భిణిలా ఎక్కింది. మరో ఆటో దాటిపోయింది. నేను పుట్టించిన రోగం నయమైంది. దాని వెనక నాకు తెలియని అసలు రోగం ఒకటి ఉంది. నడిపి చూసిన రోజున నేను నా బుసనే విన్నాను. బండిని వినలేదు.

అప్పుడు నాన్న ఎడమ చెయ్యి గుర్తొచ్చింది. కుడి చేత్తో పుచ్చు చూపించడానికి ముందే నాన్న ఎడమ చెయ్యి బస్తా అడుగుదాకా పోయి వచ్చేది. గుప్పెడు పప్పు తెచ్చి, వాసన చూసి, ఒక బద్దను పంటి కింద కొరికి చూసేవాడు. సరుకు మంచిదని తేలాకే పుచ్చు బయటికి వచ్చేది. నేను కుడి చెయ్యి మాత్రమే నేర్చుకున్నాను. పుచ్చిన బస్తాకు నా పుచ్చు చూపించి, రేటు తగ్గిందని సంబరపడ్డాను. పైగా "అది బాగలేదు, ఇది బాగలేదని అడగను" అని నోటితో తాళం వేసుకుని వచ్చాను.

మాధవరంలో నాతో చదువుకున్నవాడికి షెడ్డు ఉంది. వాడు పని చేస్తాడు, కానీ చేసినదానికంటే ఎక్కువ చెబుతాడు. నా బండి ఆగకముందే మొదలుపెట్టాడు.

"ఏందిరా, మళ్లా సగం రేటుకు చచ్చిన గొడ్డునేదో తోలుకొచ్చినావా?"

"బతికే ఉండాదిరా. మెట్ట ఎక్కడంలేదు, అంతే."

వాడు బండిని రోడ్డు చివరిదాకా నడిపి, వెనక్కి తెచ్చి, దిగకుండానే తీర్పు చెప్పేశాడు. "టర్బో పోయింది. మార్చాల్సిందే. నా దగ్గర ఒకటుండాది, బంగారం లాంటిది."

"ఎవడో వద్దని పారేసి పోయినదాన్ని నాకంటగడతావా?"

"రేయ్, ఈ ఏరియాలో టర్బో గురించి నాకు చెప్పేవాడు ఇంకా పుట్టలే."

"నీ ఏరియా అంటే ఈ షెడ్డే గదా. చూసి చెప్పరా. చూడకుండా చెప్పించుకునేదానికైతే జోస్యం చెప్పేవాడి దగ్గరికే పోయేవాణ్ణి."

వాడికి రోషం వచ్చింది. నా నోరు మూయించడానికే అన్ని పరీక్షలూ చేశాడు. డాష్‌బోర్డు కింద చిన్న మిషను తగిలించి చూస్తే, బూస్ట్ రావలసినంతలో సగం దాకా వచ్చి అక్కడే ఆగిపోతోంది. గొట్టాల్లోకి పొగ పంపి, ఎక్కడైనా బయటికి వస్తుందేమో వెతికాడు. ఎక్కడా రాలేదు. నేను తిప్పిన క్లిప్పు దగ్గరికి వచ్చేసరికి ఆగాడు.

"ఈ మర తలకాయ చూడు. ఎవడో బిళ్ల పెట్టి తిప్పినాడు. స్క్రూడ్రైవర్ కొనే గతి లేని నా కొడుకు ఎవడో!"

"అమ్మినాయనేమో" అన్నాను.

ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే సిగ్గనిపించే మాట అదే. ఎవరూ నన్ను అడగలేదు. అక్కడ దానివల్ల నాకు పైసా లాభం కూడా లేదు. అలవాటుకొద్దీ వచ్చేసింది.

టర్బో గొట్టం ఊడదీసి లోపలి చక్రాన్ని వేలితో కదిపి చూశాడు. అటూ ఇటూ ఊగలేదు, రెక్కలు బాగానే ఉన్నాయి. బంగారం లాంటి టర్బో అమ్ముడుపోయే దారి మూసుకుపోతోందని వాడి ముఖంలో కనిపించింది. ఇక మిగిలింది వేస్ట్‌గేట్. టర్బో పక్కనే ఉండే చిన్న తలుపది. ఒత్తిడి చాలినంత వచ్చాక ఆ తలుపు తెరుచుకుని, మిగిలిన పొగను చక్రం మీదికి పోనీకుండా పక్కదారిన పంపిస్తుంది. తలుపును పట్టి ఉంచేది ఒక సన్నని కడ్డీ, దాని చివర ఒక నట్టు. కడ్డీ పొడవెక్కువైతే తలుపు ఎప్పటికీ పూర్తిగా మూసుకోదు. పొగ ముందునుంచే పక్కదారి పడుతుంది, చక్రం సరిగ్గా తిరగదు. వాడు చేతి పంపు తగిలించి కొంచెం గాలి కొట్టాడు. కొంత ఒత్తిడి వచ్చేదాకా కదలకూడని కడ్డీ మొదటి నొక్కుకే ముందుకొచ్చింది.

"తలుపు మూసుకోనే లేదురా. టర్బో బాగుండాది" అన్నాడు దిగులుగా.

"దానంతట అదే వదులైపోయిందా?"

"అట్లా అయింటే నట్టు ఊగుతా ఉండాల. ఇది బాగా బిగించుండాది. కంపెనీ పెట్టిన రంగు గుర్తు ఆడుండాది చూడు, నట్టేమో ఈడుండాది. ఎవడో కావాలనే వదిలి, మళ్లా బిగించినాడు."

నట్టు సడలించి, కడ్డీని అర చుట్టు చొప్పున పొట్టి చేస్తూ, ప్రతిసారీ పంపు కొట్టి, కడ్డీ ఎప్పుడు కదులుతుందో చూశాడు. చాలనిపించాక రోడ్డు మీదికి తీసుకెళ్లి మిషన్లో అంకె చూశాడు. తిరిగొచ్చి ఇంకో అర చుట్టు తిప్పాడు. మళ్లీ వెళ్లాడు. ఈసారి నవ్వుతూ దిగాడు.

"ఇంకో అర చుట్టు వెయ్యరా, కొసరు" అన్నాను.

"ఇదేమన్నా చింతపండా, కొసరు వేసేదానికి? ఎక్కువ బిగిస్తే తెరుచుకోవాల్సినప్పుడు తలుపు తెరుచుకోదు. ఇంజన్ లోపల కొట్టుకుంటాది. నీ అంగడి బుద్ధి అంగట్లో పెట్టుకో."

బండి ఇప్పుడు ఎగిరి దూకుతోంది. సంతోషించి ఇంటికి పోవాల్సినవాణ్ణి. కానీ షెడ్డు నుంచి పెరంబూరు వచ్చేదాకా ఒకటే మంట. ఎవడో కావాలనే వదిలాడు! అంటే ఆ పెద్దమనిషి రోగమున్న బండిని నాకు అంటగట్టాడు. నన్నే మోసం చేశాడు! అడగనని ఇచ్చిన మాట సంగతి దారిలోనే సర్దుకున్నాను: దాచిపెట్టినదానికి ఆ మాట వర్తించదు. రిపేరు ఖర్చు, పైన ఇంకొంత, తిరుగుప్రయాణం పెట్రోలు: అన్నీ ఆయన దగ్గరే రాబట్టాలనుకున్నాను. అంగడికి కూడా పోకుండా నేరుగా ఆయన ఇంటి ముందు ఆపాను.

తలుపు తీసింది కూతురు. పనిరోజు, పనివేళ.

"స్కూలుకు పోలేదా పాపా?"

"రానని చెప్పేసినా చిన్నాయనా" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

"అట్లనా" అని నేను కుర్చీ లాక్కున్నాను. నేను వచ్చిన పని వేరు.

ఆయన ఎదురుగా కూర్చోగానే అడిగేశాను. "అన్నా, టర్బో పోలేదంట. దాని పక్కనుండే గేటు కడ్డీని ఎవరో కావాలనే వదులు చేసినారంట. మీకేమన్నా తెలుసా?"

తెలియదంటాడు, అప్పుడు పట్టుకుందామనుకున్నాను. ఆయన వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"తెలుసు తమ్ముడూ. నేనే చేయించినాను."

కూతురు కొత్తగా నెల్లూరు హైవే ఎక్కిన రోజుల్లో ఆయన ఒకసారి పక్కన కూర్చున్నాడట. ఆమె ఒక లారీని దాటింది. తప్పుగా ఏమీ దాటలేదు, కానీ బండి ఒక్కసారిగా ముందుకు దూకిన తీరు ఆయన గుండెల్లో ఉండిపోయింది. వద్దంటే వినేది కాదు. తెలిసిన మెకానిక్కు దగ్గరికి పోయి, వేగం తగ్గేటట్టు ఏదైనా చెయ్యమన్నాడు. వాడు కడ్డీ వదిలాడు. ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు.

"ఆ పొద్దు వంతెన మీద బుస ఇన్నాను గదా, నేను చేయించిన పనికే టర్బో పగిలిపోయిందనుకున్నా. నోరు పడిపోయింది. అందుకే నువ్వడిగిన రేటుకు సరి అన్నాను. నాది బయటపడతాదని, పాప మీద పడి అరిచినాను."

నా బేరం గొప్పతనమంతా అక్కడ నేలమట్టమైంది. నేను గెలవలేదు, ఆయన భయపడి ఇచ్చేశాడు. ఈ ముక్క అర్థమైన మనిషి లేచి వచ్చేయాలి. నేను లేవలేదు. "ఏదైనా ఖర్చయితే అయింది గదన్నా" అన్నాను. ఆయన లోపలికెళ్లి పది వేలు తెచ్చి టీపాయ్ మీద పెట్టాడు. "నువ్వు చెప్పేది న్యాయమే తమ్ముడూ. తీసుకో." నేను చెయ్యి చాచాను.

"నాయనా."

కూతురు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటినుంచి వింటోందో తెలియదు.

"ఇన్నాళ్లూ బండి వంతెన ఎక్కకపోతే నాకే గేరు వెయ్యను రావడంలేదనుకున్నానే నాయనా."

ఆమె నా వైపు తిరిగింది.

"చిన్నాయనా, నాకొకటి అర్థం కాలే. ఆ తలుపు మూసుకోకపోతే పట్టు తగ్గుతాది. సరి. మరి బుస ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"బుసా?"

"ఇన్నాళ్లు పట్టు లేకుండానే నడిపినాను. బుస ఒక్కనాడు రాలేదు. మీరు వచ్చిన పొద్దు మాత్రమే వచ్చింది. బాగుచేసినాయన దానికేం చెప్పినాడు?"

నాకు అబద్ధాలకు కొరత లేదు. గొట్టం పాతది, ఎండకు రబ్బరు చీలింది, ఎలుక కొరికింది: ఏది చెప్పినా నమ్మేవాళ్లు. ఆయన కూడా నా వైపే చూస్తున్నాడు, వాషరు ఏ సైజు కావాలో నన్నడిగేటప్పుడు చూసినట్టే. నా చెయ్యి నోట్ల మీద ఉంది.

"గొట్టం క్లిప్పు వదులైంది" అన్నాను.

"ఎట్లా?"

"నేనే వదులు చేసినాను."

"ఎందుకు?" అన్నాడాయన. కోపంతో కాదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. పుచ్చు చూపించడం ఏమిటో ఎరగని మనిషికి దాన్ని విడమరిచి చెప్పాల్సి రావడం ఎలా ఉంటుందో మా నాన్నకు తెలియదు, నాకు తెలిసింది.

"రేటు తగ్గేదానికన్నా. మీరు కాఫీ తెచ్చేదానికి పోయినప్పుడు."

"అడిగింటే తగ్గించేవాణ్ణే గదా తమ్ముడూ" అన్నాడాయన.

కూతురు మాత్రం ఊరుకోలేదు. "భలే ఉండారు ఇద్దరూ! ఆయనొక మర తిప్పినాడు, మీరొక మర తిప్పినారు. పోయింది మాత్రం నా ఉద్యోగం." ఆమె చేతులు తుడుచుకుంటున్న తుండుగుడ్డను తలుపు మీదికి విసిరింది. "లెయ్యండి. ఇద్దరూ లెయ్యండి. స్కూలుకు పోదుం. ఈడ నాకు చెప్పింది ఆడొచ్చి చెప్పండి. చిన్నాయనా, తాళం ఇయ్యండి."

ఇచ్చాను. ఆమె ముందు, మేమిద్దరం వెనక సీట్లో, బడికి ఆలస్యమైన పిల్లల్లా. "బెల్టు" అంది, అద్దంలోంచి చూస్తూ. పెట్టుకున్నాం. వంతెన మొదలు దగ్గర ఆమె అలవాటుగా గేరు తగ్గించబోయింది, అవసరం లేకపోయింది. బండి దానంతట అదే ఎక్కేసింది. ఆమె కనుబొమలు ఒక్క క్షణం పైకి లేచాయి. తండ్రి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ముందు లారీ ఉంది. ఆమె దాటలేదు.

డ్రైవింగ్ స్కూలు నడిపేది ఒకావిడ. ముందు తండ్రి చెప్పాడు, తర్వాత నేను చెప్పాను, తమిళంలో. బేరంలో నేనెప్పుడూ తడబడను. అక్కడ బిళ్ల అనే మాటను రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. గోడవారన లైసెన్సు కోసం కూర్చున్నవాళ్లు ఫోన్లు దించి మరీ విన్నారు. ఆవిడ అంతా విని, నా వైపు చూడకుండా ఆ అమ్మాయినే అడిగింది: శబ్దం రాగానే నీ తప్పేనని ఒప్పుకుని ఉద్యోగానికి రానన్నావు కదా, రేపు నేర్చుకునే ఆడవాళ్లు భయపడితే వాళ్లకేం చెబుతావు?

"శబ్దం వస్తే బండి ఆపి, ముందు బానెట్ తియ్యమని చెబుతాను మేడమ్" అంది.

ఆవిడకు ఆ జవాబు నచ్చింది. కానీ ఆ చోటులోకి అప్పటికే ఇంకొకామెను తీసుకున్నారు. ఆమెను తీసెయ్యడం కుదరదని చెప్పింది. ఖాళీ వస్తే కబురు చేస్తానంది. తిరిగొచ్చేటప్పుడు కూడా పాపే నడిపింది. ఇంటి ముందు ఆపి, ఈసారి తాళం నా చేతిలోనే పెట్టింది.

మర్నాడు యాభై వేలు ఆయన ఖాతాకు పంపాను. ఆయన వద్దన్నాడు. ఆ ఒక్కచోట నేను బేరానికి ఒప్పుకోలేదు. టీపాయ్ మీది పది వేలు నేను తాకిన చోటే ఉన్నాయని, ఇంకా లోపల పెట్టలేదని చెప్పాడు. ఇప్పుడు కూడా కొళాయి వాషరుకు నా అంగడికే వస్తాడు. కాకపోతే చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చేసి పోతున్నాడు. నాకది బాగాలేదు. ఆ అమ్మాయికి కబురు ఇంకా రాలేదు.

మా ఆవిడ లెక్క అడిగింది. ఆమెకు చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాస్తున్నాను. కారు, నాలుగు లక్షలు; మొదటినుంచీ దాని సరైన ధర అంతే. మాధవరం షెడ్డులో రిపేరు, మూడు వేల ఎనిమిది వందలు. వాడు చెప్పినంతా ఇచ్చాను, కొసరు అడగలేదు. బిళ్లతో మర గాడి చెరిగిపోయినందుకు మా అంగడి నుంచే తీసిన కొత్త క్లిప్పు, పదిహేను రూపాయలు, గల్లాలో వేశాను. పాప ఉద్యోగం, ఒకటి. అది నేను కట్టలేదు.